గడ్డ తగిలిందా? ఎవరిని అడగాలి, ఏది నమ్మాలి, ఎవరిని తోడు తీసుకెళ్లాలి

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆమె ఫోన్ తీసి వెతకడం మొదలుపెడుతుంది. వేపాకు రసంతో గడ్డ కరిగిపోతుందని ఒక వీడియో చెబుతుంది. కత్తి తగిలిందంటే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఇంకో వీడియో బెదిరిస్తుంది. మరోచోట ఆరు నెలల్లో చనిపోయిన ఎవరి కథో విషాద సంగీతంతో వస్తుంది. తెల్లవారేసరికి భయం రెట్టింపవుతుంది. పొద్దున్నే ఏ డాక్టరును కలవాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు.

మీరో, మీ అక్కో, మీ అమ్మో ఈ పరిస్థితిలో ఉంటే ఈ అధ్యాయం మీ కోసమే. మన దేశంలో మహిళలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది రొమ్ము క్యాన్సరే. 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని, దాదాపు 98,000 మంది దీనితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. 2012–16 కాలానికి దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలు పోల్చినప్పుడు రొమ్ము క్యాన్సర్ రేటు అత్యధికంగా కనిపించింది హైదరాబాద్ జిల్లాలోనే. వయసు తేడాలు సరిచేశాక అది ఏడాదికి లక్ష మంది మహిళలకు 48. అంటే ప్రతి బంధువర్గంలోనూ ఎవరో ఒకరికి ఈ సమాచారం అవసరపడుతుంది.

క్యాన్సర్ కణం ఎలా పుడుతుందన్న పాఠం ఇక్కడ ఉండదు. గడ్డ తగిలిన రోజు నుంచి చికిత్స ముగిసేదాకా ఏ విషయం ఎవరిని అడగాలి, ఏది పక్కన పెట్టాలి, తోడు ఎక్కడ దొరుకుతుంది అన్నవే ఉంటాయి. ఒక్క సూత్రం ముందే గుర్తుపెట్టుకోండి: మీకు కావలసింది క్యాన్సర్ గురించిన సమాచారమంతా కాదు, మీ రిపోర్టుకు సంబంధించిన సమాచారం.

1. ముందు పరీక్ష, తర్వాతే వెతుకులాట

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ తగలడం, చర్మం గుంత పడటం లేదా నారింజ తొక్కలా గరుకుగా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాన్నుంచి రక్తం కారడం. వీటిలో ఏది కనిపించినా డాక్టరును కలవాలి. గడ్డల్లో అత్యధిక భాగం క్యాన్సర్ కావు. కానీ మీ గడ్డ ఏ కోవలోదో ఫోన్ చెప్పలేదు, పక్కింటి పిన్నిగారూ చెప్పలేరు. మూడు పనులు కలిస్తేనే తేలుతుంది: డాక్టరు చేత్తో చేసే పరీక్ష, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, అవసరమైతే బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? రొమ్ము సర్జన్ అందుబాటులో ఉంటే మంచిది. లేకపోతే జనరల్ సర్జన్. పల్లెలో ఉంటే ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ దారి చూపిస్తారు. 30 ఏళ్లు దాటిన మహిళలకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే. ఉప కేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి చేయించుకోండి.

చేత్తో చేసే పరీక్షతో ఏం లాభం అనిపిస్తోందా? ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి లక్షన్నర మందికి పైగా మహిళలపై 20 ఏళ్ల పాటు అధ్యయనం చేసింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి రొమ్ములను చేత్తో పరీక్షించిన వర్గంలో, 50 ఏళ్లు, అంతకు పైబడిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2021లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పెద్ద యంత్రం లేని ఊళ్లో కూడా చేయగలిగింది చాలా ఉందన్నమాట.

సాధారణంగా జరిగే తప్పు: "నొప్పి లేదు కదా" అని ఊరుకోవడం. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. "అమ్మాయి పెళ్లి అయ్యాక చూపించుకుంటాను", "కోతలు అవ్వనీ" అన్న వాయిదాలు ఇక్కడి నుంచే పుడతాయి. డాక్టరును మొదట కలిసిన రోజు నుంచి 60 రోజుల్లోగా రోగ నిర్ధారణ పూర్తవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. ఆ గడువును ప్రభుత్వాలకే వదిలేయకండి, మీ ఇంటి క్యాలెండర్ మీద కూడా రాసుకోండి.

2. ముక్క పరీక్షకు భయపడకండి, అది లేకుండా ముందుకు వెళ్లకండి

"సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందంట వదినా, ముట్టుకోనివ్వకు." ఈ మాట అనని ఊరు లేదు. దీనిలో నిజం లేదు. సూదితో సన్నటి ముక్క తీసి చేసే పరీక్షే చికిత్సకు పునాది. అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకం అన్నది దానితోనే తెలుస్తుంది.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. చిన్న గడ్డే కదా అని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో తీయించేస్తారు. తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపారా లేదా అన్నది ఎవరూ అడగరు. ఏడాది తర్వాత మళ్లీ గడ్డ వస్తే, మొదటిది ఏమిటో చెప్పే కాగితం ఉండదు. శరీరం నుంచి ఏ గడ్డ తీసినా "దీన్ని పాథాలజీ పరీక్షకు పంపుతున్నారా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది?" అని ఆపరేషన్‌కు ముందే అడగండి.

3. మీ రిపోర్టులో ఈ మాటలు వెతకండి

డాక్టరంత చదువు అవసరం లేదు. కొన్ని మాటలు తెలిస్తే చాలు, వినే ప్రతి కబురూ మీకు వర్తిస్తుందో లేదో మీరే తేల్చుకోగలరు.

*బైరాడ్స్.* మామోగ్రామ్ రిపోర్టులో 0 నుంచి 6 దాకా ఉండే అంకె ఇది. 1, 2 అంటే క్యాన్సర్ అనుమానం లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ, చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకోవాలి. 4, 5 అంటే అనుమానం ఉంది, బయాప్సీ కావాలి. 0 అంటే ఇంకొన్ని చిత్రాలు అవసరమని. బైరాడ్స్ 4 చూసి "నాలుగో స్టేజీ" అనుకుని కుప్పకూలిపోయే కుటుంబాలున్నాయి. ఈ అంకెకూ స్టేజీకీ సంబంధమే లేదు.

*గ్రేడ్, స్టేజ్.* గ్రేడ్ అంటే మైక్రోస్కోప్ కింద కణాలు ఎంత తేడాగా కనిపిస్తున్నాయన్నది, 1 నుంచి 3 దాకా. స్టేజ్ అంటే జబ్బు ఎంతవరకు వ్యాపించిందన్నది, సాధారణంగా 1 నుంచి 4 దాకా. గ్రేడ్ 3 అని ఉంటే మూడో స్టేజ్ అని కాదు.

*ఈఆర్, పీఆర్, హెర్2.* బయాప్సీ ముక్క మీద చేసే మరో పరీక్షలో ఇవి తేలతాయి. ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేసే రకం. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ వంటి లక్ష్యిత మందులు ఉన్నాయి. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు, దాని చికిత్స దారి వేరు. హెర్2 ఫలితం 2 ప్లస్ అని వస్తే అది ఎటూ తేలని జవాబు. ఫిష్ లేదా ఆ తరహా మరో పరీక్షతో నిర్ధారించాలి. ఆ పరీక్ష జరిగిందో లేదో తప్పక అడగండి.

ఇవి ఎందుకు తెలుసుకోవాలి? ఒక సందర్భం తీసుకోండి. ఏలూరులో ఒకావిడకు కీమో మొదలుపెట్టాలన్నారు. పరామర్శకు వచ్చిన బంధువు, "మా తోటికోడలికి ఆపరేషన్ చేసి మాత్రలే ఇచ్చారు, నీకెందుకు కీమో? డబ్బు కోసమే" అంటుంది. ఆ తోటికోడలిది ఈఆర్ పాజిటివ్, చిన్న గడ్డ, చంకలోకి పాకలేదు. ఈవిడది ట్రిపుల్ నెగెటివ్. ఇద్దరి జబ్బు పేరూ ఒకటే, చికిత్స ఒకటి కాదు. ఈ తేడా తెలిస్తే ఇంట్లో గొడవ ఆగిపోతుంది, కీమో వాయిదా పడదు.

4. ఒక ఫైలు, ఒక నోటు పుస్తకం

రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టండి. ప్రతి కాగితం ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. నోటు పుస్తకంలో డాక్టరు చెప్పిన మాట, ఇచ్చిన మందు పేరు, తర్వాతి తేదీ రాయండి.

రికార్డులు ఇవ్వమని ఆస్పత్రిని అడగడానికి మొహమాటపడకండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. బయాప్సీ స్లైడ్లు, మైనంలో భద్రపరిచిన ముక్క ఉండే బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. మరో ఆస్పత్రికి వెళ్లినప్పుడు కాగితం కంటే వాటికే విలువ ఎక్కువ. వాటిని మళ్లీ పరీక్షించి ఫలితం సరిచూస్తారు.

5. డాక్టరు గదిలోకి రాసుకున్న ప్రశ్నలతో వెళ్లండి

"క్యాన్సర్" అన్న మాట చెవిన పడ్డాక డాక్టరు చెప్పే మిగతాదంతా చాలామందికి వినిపించదు. అందుకే ఒక్కరే వెళ్లకూడదు. తోడు వెళ్లేవాళ్లు ఓదార్చడానికి మాత్రమే కాదు, రాసుకోవడానికి కూడా. ఈ ప్రశ్నలు ముందే నోటు పుస్తకంలో ఉంటే సరిపోతుంది:

నా క్యాన్సర్ ఏ రకం, ఏ స్టేజ్? ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలేమిటి? ముందు ఆపరేషనా, ముందు కీమోనా, ఎందుకు? రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీసే అవకాశం ఉందా? రేడియేషన్, అదే కరెంటు పెట్టడం, అవసరమవుతుందా? ఎన్ని వారాలు? మొత్తం ఖర్చెంత, పథకంలో ఎంత వస్తుంది? జ్వరం వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? ఇంకా పిల్లలు కావాలనుకునే వయసులో ఉంటే, కీమోకు ముందు సంతాన అవకాశాలు కాపాడుకునే మార్గాలేమిటి?

చివరి ప్రశ్నను సిగ్గుతో మింగేసే ఆడపిల్లలు చాలామంది. కీమో మొదలయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది. వాళ్ల తరఫున అమ్మయినా అత్తయినా భర్తయినా అడగాలి.

ఇంకో తప్పు మన ఇళ్లలో ప్రేమ పేరుతో జరుగుతుంది. "డాక్టరు గారూ, ఆవిడకు చెప్పకండి, తట్టుకోలేదు" అని కొడుకు గది బయటే ఆపి చెబుతాడు. ఆమె పక్క మంచం మీది రోగి నుంచి సగం నిజం వింటుంది, మిగతా సగం ఊహించుకుంటుంది. కీమోకు జుట్టు ఎందుకు రాలుతోందో తెలియని మనిషి మందుకు ఎలా సహకరిస్తుంది? చెప్పే పద్ధతి మెల్లగా ఉండొచ్చు, కానీ చెప్పాలి.

6. ఫోన్‌లో వచ్చినదాన్ని ఐదు ప్రశ్నలు అడగండి

చెప్పింది ఎవరు, ఆయన చదువేమిటి? ఎప్పుడు చెప్పారు? చివర్లో ఏదైనా అమ్ముతున్నారా? "అందరికీ", "నూరు శాతం", "దుష్ప్రభావాలే లేవు" అంటున్నారా? నడుస్తున్న చికిత్స ఆపమంటున్నారా? చివరి ప్రశ్నకు అవునని వస్తే మిగతా నాలుగూ చూడక్కర్లేదు, ఆ వీడియో మూసేయండి.

2024 నవంబరులో జరిగింది గుర్తుందా? మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నారని చెబుతూ పసుపు, వేపాకు, నిమ్మరసం, ఉపవాసం వంటి ఆహార నియమాల గురించి గొప్పగా మాట్లాడారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. వెంటనే టాటా మెమోరియల్ ఆస్పత్రికి చెందిన 262 మంది ప్రస్తుత, మాజీ క్యాన్సర్ నిపుణులు సంతకాలతో ప్రకటన ఇచ్చారు. ఇవి క్యాన్సర్‌ను నయం చేస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవని, రుజువుకాని వాటిని నమ్మి చికిత్స ఆలస్యం చేయవద్దని కోరారు. సిద్ధూ భార్యకు ఆపరేషన్, కీమోథెరపీ కూడా జరిగాయి. ఆహార నియమాలు డాక్టర్ల సలహాతోనే పాటించామని ఆ తర్వాత సిద్ధూ వివరణ ఇచ్చారు. కానీ మొదటి వీడియో చూసినవాళ్లలో వివరణ చూసినవాళ్లు ఎందరు?

క్యాన్సర్ నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. కాబట్టి గోడ మీదా, టీవీలోనూ, ఫోన్‌లోనూ అలాంటి హామీ కనబడితే, ఆ హామీ ఇవ్వడమే చట్ట విరుద్ధమని గుర్తించండి.

మరి నమ్మదగినవి ఏవి? టాటా మెమోరియల్ సెంటర్, దాని ఆధ్వర్యంలోని నేషనల్ క్యాన్సర్ గ్రిడ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, క్యాన్సర్ రీసెర్చ్ యూకే. వీటిలో ఎక్కువ సమాచారం ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగులో కావాలంటే హైదరాబాద్‌లోని ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ తెచ్చిన 'ఏబీసీస్ ఆఫ్ బ్రెస్ట్ హెల్త్' మొబైల్ యాప్ చూడండి. తల్లికి ఈ జబ్బు వచ్చాక ఆమె పేరుతోనే డాక్టర్ పి. రఘురామ్ 2007లో ఆ సంస్థను స్థాపించారు.

డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న అబ్బాయి రోజుకు పది లింకులు పంపుతుంటాడు. లింకుల బదులు అతనికి ఒక పని అప్పగించండి. "నాన్నా, అమ్మ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్, రెండో స్టేజ్ అని ఉంది. ఈ రకానికి సంబంధించింది చదివి, మేం డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు మూడు తెలుగులో రాసి పంపు" అనండి. దూరంలో ఉన్న బిడ్డ ఆదుర్దాకూ ఒక దారి దొరుకుతుంది, మీకూ పనికొస్తుంది.

7. రెండో అభిప్రాయం అడగడం అవమానించడం కాదు

"ఇంకో డాక్టరుకు చూపిస్తే ఈయన కోప్పడతారేమో" అన్న జంకు చాలామందిది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం రెండో అభిప్రాయాన్ని రోగి హక్కుగా గుర్తించింది. ముఖ్యంగా రొమ్ము మొత్తం తీసేయాలన్నప్పుడు, రిపోర్టుల్లో ఒకదానికొకటి పొసగనప్పుడు, చికిత్స ఎందుకో అర్థమయ్యేలా చెప్పనప్పుడు అడగండి.

దీనికి ముంబై రైలు ఎక్కక్కర్లేదు. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు 300కు పైగా సంస్థలున్నాయి. టాటా మెమోరియల్ నిపుణుల అభిప్రాయం ఆన్‌లైన్‌లో పొందడానికి 'నవ్య' అనే సేవ ఉంది. రిపోర్టులు పంపితే లిఖితపూర్వకంగా జవాబు వస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు, రెండో అభిప్రాయం మూడోది, నాలుగోది అవుతూ పోవడం. ఒక్కో బంధువూ ఒక్కో ఆస్పత్రి పేరు చెబుతారు, నెలలు గడిచిపోతాయి. రెండు అభిప్రాయాలూ కలిస్తే చికిత్స మొదలుపెట్టండి. కలవకపోతే ఎందుకు కలవలేదో మొదటి డాక్టరునే అడగండి.

8. ఆస్పత్రి, డబ్బు: ఆరోగ్యమిత్రను ముందే కలవండి

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిది, 1955 నుంచి పనిచేస్తోంది. బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆస్పత్రి ఉంది. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ కేర్ సంస్థ, కర్నూలులో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఉన్నాయి. కీమో, రేడియేషన్ నెలల తరబడి సాగుతాయి కాబట్టి, మీ రకానికి కావలసిన చికిత్స దొరికేవాటిలో ఇంటికి దగ్గరగా ఉన్నదాన్నే ముందు పరిశీలించండి.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ చికిత్సకు వర్తిస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయల వరకు పరిమితి. కేంద్రం అమలు చేసే ఆయుష్మాన్ భారత్‌లో అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 2024 చివర్నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఇది వర్తిస్తోంది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో పథకం విషయంలో సాయపడే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఉంటుంది. ఆస్పత్రిలో చేరాక కాదు, చేరేముందే అక్కడికి వెళ్లి మీ చికిత్సలో ఏది పథకంలో వస్తుందో, ఏది రాదో అడిగి రాసుకోండి.

పథకం చాలకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఆపరేషన్‌కు ముందే హామీ కావాలంటే ఎల్‌ఓసీకి, అంటే ముందస్తు హామీ పత్రానికి, దరఖాస్తు చేయాలి, చికిత్స అయ్యాక అయితే బిల్లులతో పెట్టుకోవాలి. దారి ఖర్చు సంగతి చాలామంది మరిచిపోతారు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్టు పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపించాలి.

ఇల్లు తాకట్టు పెట్టేముందు, బంగారం అమ్మేముందు ఈ నాలుగు తలుపులూ తట్టారా అని ఒకసారి లెక్క చూసుకోండి.

9. ఇంటి వైద్య చరిత్ర రాయండి, నాన్న వైపుది కూడా

నటి హంసానందిని తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని 2021 డిసెంబరులో బయటపెట్టారు. ఆమె తల్లి కూడా అదే జబ్బుతో చనిపోయారు. జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ1 జన్యువులో మార్పు బయటపడింది. గుండు చేయించుకున్న ఫొటోతోనే ఆమె ఈ విషయం అందరికీ చెప్పారు. దాచుకోవాల్సిన జబ్బు కాదని ఎందరికో ధైర్యమిచ్చింది ఆ ఫొటో.

రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. "మా వంశంలో లేదు, నాకు రాదు" అనుకోవడం అందుకే తప్పు. చిన్న వయసులో వచ్చినా, ట్రిపుల్ నెగెటివ్ అయినా, రక్త సంబంధీకుల్లో ఒకరి కంటే ఎక్కువ మందికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి. చరిత్ర రాసేటప్పుడు అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్నిలతో ఆపేయకండి. నాయనమ్మ, మేనత్తలు కూడా లెక్కలోకి వస్తారు. బీఆర్‌సీఏ మార్పు తండ్రి నుంచి కూడా సంక్రమిస్తుంది. మగవాళ్లకు కూడా ఈ క్యాన్సర్ రావచ్చు, వంద కేసుల్లో ఒకటి లేదా అంతకంటే తక్కువ. రొమ్ములో గడ్డ తగిలిన మగవాళ్లు సిగ్గుపడి ఆగకూడదు.

10. తోడు అంటే పని పంచుకోవడం

"ఏమైనా కావాలంటే చెప్పండి" అన్న మాటతో పరామర్శ అయిపోతుంది. ఏం కావాలో చెప్పే ఓపిక రోగికి ఉండదు. అందుకని ఇంట్లో ఒకరు కాగితం మీద పనులు రాసి పంచండి. ఫైలు మోసేది తమ్ముడు. కీమో రోజు తోడు వెళ్లేది ఆడపడుచు. ఆ వారం వంట తోటికోడలు. పిల్లల బడి సంగతి పక్కింటివాళ్లు. బంధువుల ఫోన్లన్నిటికీ జవాబు చెప్పేది ఒక్కరే. రోజూ ఇరవైమందికి ఒకే కథ చెప్పడం కంటే అలసట ఏముంటుంది?

భర్తలకు ఒక మాట. మీ భార్య వంటగది గురించి, పిల్లల గురించి అడిగి, తన భయం గురించి చెప్పకపోతే భయం లేదని కాదు. ఆపరేషన్ తర్వాత అద్దంలో చూసుకోవడానికి వెనకాడుతున్న మనిషితో, ఆ సంగతి మీరే ముందుగా మాట్లాడండి.

అదే చికిత్స దాటి వచ్చినవాళ్లతో మాట్లాడటం చాలామందికి ఎంతో ధైర్యాన్నిస్తుంది. వాళ్లను కలిపించగలరా అని ఆస్పత్రిలో మీ డాక్టరును, సామాజిక కార్యకర్తను అడగండి. అయితే ఒక హద్దు పెట్టుకోండి: వాళ్ల దగ్గర ధైర్యం, జుట్టు రాలినప్పుడు ఏం చేశారు, నోరు పూసినప్పుడు ఏం తిన్నారు వంటి అనుభవాలు తీసుకోండి. మందు మాత్రం మీ డాక్టరు చెప్పిందే.

నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చూసుకునేవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ టోల్ ఫ్రీ నంబరు 1800 22 1951.

జబ్బు ముదిరినా, నొప్పి ఎక్కువైనా "ఇంక చేసేదేం లేదు" అన్న మాటను ఒప్పుకోకండి. నొప్పి తగ్గించడానికే ఒక వైద్య విభాగం ఉంది, దాన్ని ఉపశమన వైద్యం అంటారు. ఎంఎన్‌జేలో ఈ విభాగం పనిచేస్తోంది. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పీస్ ఈ సేవను ఉచితంగా అందిస్తోంది. ఈ వైద్యం చివరి రోజులకే పరిమితం కాదు, చికిత్స నడుస్తుండగానే అడగొచ్చు.

11. చికిత్స అయ్యాక ఫైలు అటక ఎక్కించకండి

కుట్లు మానాయి, జుట్టు వచ్చింది, ఇక మాత్రలెందుకని మానేసేవాళ్లున్నారు. హార్మోన్ మాత్రలు 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు కూడా వాడాలి. వాటితో ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు వస్తే మానేయకండి, డాక్టరుకు చెప్పండి. మందు మార్చే అవకాశం ఉంటుంది. చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాస్తే ఫిజియోథెరపిస్టును వెంటనే కలవండి, మొదట్లో అయితే అదుపులో పెట్టడం తేలిక. మిగిలిన రొమ్ముకు డాక్టరు చెప్పిన గడువుకు మామోగ్రామ్ చేయించుకోండి.

ఇదంతా చదివాక ఈ వారంలోనే మూడు పనులు చేయండి. మీ ఇంట్లో 30 దాటిన ఆడవాళ్లందరి పేర్లు రాసి, వాళ్లకు రొమ్ము పరీక్ష ఎప్పుడు జరిగిందో పక్కన రాయండి. ఖాళీగా మిగిలిన పేర్ల వాళ్లను దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి మీరే తీసుకెళ్లండి. పైన చెప్పిన రెండు ఫోన్ నంబర్లు అందరి ఫోన్లలో వేయండి. ఇప్పటికే గడ్డ తగిలి ఎవరికీ చెప్పకుండా ఉన్నవాళ్లు మీరే అయితే, ఈ పేజీ మూసి ఇంట్లో ఒక్కరికి చెప్పండి, రేపటికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.